లాజరు గారి రెండో బూటు

అచ్చమ్మ టీచరు మడ అడవిలో పడవ మీంచి బురదలో పడిపోయిందని తెనాలిలో సగం మంది చెప్పుకుంటున్నారు. పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలిందనీ, అందుకే సమాధుల తోటలో అందరి ముందూ కన్నతండ్రి గురించి అలా మాట్లాడిందనీ మిగతా సగం మంది దానికి తోక తగిలిస్తున్నారు. రెండూ తప్పు. ఆవిడ పడలేదు, దిగింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, పడవ నడిపే డేనియల్ భుజం ఊతగా పట్టుకుని, డెబ్బై దాటిన మనిషి కావాలని దిగింది. తల నిక్షేపంలా ఉంది. పోయింది ఒక చెప్పు. ఆ చెప్పు ఎందుకు పోయిందో తెలియాలంటే ముందు బూటు సంగతి తెలియాలి.

అచ్చమ్మ తండ్రి పేరు లాజరు. ఊరు రేపల్లె. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డ ఏడాది, ఆయన గుంటూరు వెళ్ళి పటాలంలో చేరాడు. యుద్ధమంతా అయిపోయాక గడ్డంతో, ఒకే ఒక్క బూటుతో తిరిగొచ్చాడు. రెండోది బర్మా బురదలో ఉండిపోయిందన్నాడు. ఉన్న ఒక్కదాన్నీ ఆ ఇంట్లో ట్రంకు పెట్టెలో, పెళ్ళి బట్టల పక్కన దాచారు. ప్రతి క్రిస్మస్ ముందూ ఇంటికి సున్నం వేసే రోజున దాన్ని బయటికి తీసి కొబ్బరినూనె రాసేవాళ్ళు. పిల్లల తలకు రాయగా మిగిలిన నూనె కాదు, ముందు బూటుకు రాశాకే పిల్లలకు.

బూటు బయటికొచ్చిన రోజు బర్మా కూడా బయటికొచ్చేది. లాజరు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని చెప్పేవాడు. అక్కడి చెట్లు వేళ్ళను నేలలో దాచుకోవు, మనం కాళ్ళు పెట్టినట్టు బయట పెట్టుకుని నీళ్ళలో నిలబడతాయి. అక్కడి నది రోజుకు రెండుసార్లు వెనక్కి నడుస్తుంది. తుపాకి పట్టిన వాడెవడూ కనబడడు గానీ బురద లోపల్నుంచి టప్ టప్‌మని పేలుతూనే ఉంటుంది. తెల్లబట్టల దొర ఒకడు ఒంటికాలి మీద నిలబడి, పొద్దు వాలేదాకా మాటా పలుకూ లేకుండా కాపలా కాస్తాడు. ఇక శత్రుసైన్యం. వందల మంది, ఒక్కొక్కడూ ఒక్క ఎర్రటి చెయ్యి పైకెత్తి రమ్మన్నట్టు ఊపుతూ వస్తారు. పారిపోకూడదు. నిలబడి గట్టిగా చప్పట్లు కొడితే అంతా ఒక్కసారే గోతుల్లో దూరిపోతారు.

"అందరూ కుడిచెయ్యే ఎత్తుతారు" అనేవాడు లాజరు.

"కొందరు ఎడమచెయ్యండీ" అని వంటింట్లోంచి వినబడేది. అది అచ్చమ్మ తల్లి దెబోరమ్మ.

"ఆఁ, కొందరు ఎడమచెయ్యి" అని సర్దుకునేవాడు ఆయన.

వినీ వినీ అమ్మకు నోటికొచ్చేసిందని అచ్చమ్మ అనుకునేది. ఆయన ఎక్కడ తడబడితే అక్కడ చేపలు తోముతూనో, బియ్యం చెరుగుతూనో ఆవిడ అందించేది. "నది వెనక్కి నడిచేటప్పుడు ముందు నురగ వచ్చిందన్నారుగా, అది చెప్పలేదు" అనేది. ఆయన వెనక్కి వెళ్ళి నురగ దగ్గర్నుంచి మళ్ళీ మొదలెట్టేవాడు.

యుద్ధం చూసిన మనిషి గనక ఆ ఇంట్లో కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, రైలెక్కాక దిగాల్సిన ఊరొచ్చేదాకా ఎవరూ ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టకూడదు. రేపల్లె నుంచి తెనాలి ఎంత దూరమని. అయినా కుండతో మంచినీళ్ళు, గుడ్డలో అటుకులు, చంటిపిల్లలుంటే ఉచ్చ పోయించడానికి ఒక డబ్బా కూడా సర్దుకుని ఎక్కేవాళ్ళు. వేమూరులో బండి ఆగినప్పుడు రాజ్ కుమార్, అంటే అచ్చమ్మ తమ్ముడు, పిల్లప్పుడు ఒకసారి సోడా కోసం దిగబోతే లాజరు వాడి లాగూ పట్టుకుని గట్టిగా లాగాడు. లాగూ చేతికొచ్చింది గానీ పిల్లాణ్ణి మాత్రం దిగనివ్వలేదు. ఇంకొకటి, ముంజెలు ఇంట్లోకి రాకూడదు. ఎండాకాలం ఊరంతా తాటిముంజెలు జుర్రుకుంటుంటే ఈ ఇంటి పిల్లలు తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్ళు. ఎందుకు నాన్నా అంటే, "ముంజెలు తినబోయి ఒకడి బతుకు బుగ్గైపోవడం కళ్ళారా చూశాను" అనేవాడు. ఎవరో పాపం తోటి సిపాయి, ముంజె నోట్లో పెట్టుకుంటుండగా బాంబు పడి ఉంటుందని పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఆయనకు పింఛను కూడా లేదు. అడగనన్నాడు. అడగకపోవడం ఇంకా గొప్పగా కనబడింది అందరికీ.

అచ్చమ్మ సెకండరీ గ్రేడ్ టీచరయింది. తెనాలిలో ఉద్యోగం. మూడో తరగతి పిల్లలు లెక్కలు చేసి అలసిపోతే బర్మా చెప్పేది. పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళకూ చెప్పింది. మొదటి ఇద్దరూ కాఫీ తాగేసి గడియారం చూసుకున్నారు. మూడో ఆయన కాఫీ చల్లారబెట్టుకుని "తర్వాత ఆ దొర రెండో కాలు దించాడా లేదా?" అని అడిగాడు. ఆయన్నే చేసుకుంది. ఆయన పోయే ముందు రోజు కూడా బర్మా చెప్పించుకున్నాడు. ఇప్పుడు ఆవిడ కింద వాటాలో ఉంటుంది, కొడుకు అజయ్ బాబు, కోడలు నీరజ పై వాటాలో. ఊళ్ళో ఆవిడ పేరు బర్మా టీచరు. ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్ళు తెనాలిలో వీధికి పదిమంది ఉంటారు. బర్మాలో నదులు వెనక్కి నడుస్తాయని వాళ్ళంతా ఇవాళ్టికీ నమ్ముతారు.

ఈ ఎండాకాలం లాజరు జ్ఞాపకార్థ కూడిక వచ్చింది. రేపల్లెలో ఉంటున్న రాజ్ కుమార్, గుమాస్తాగా రిటైరై ఖాళీగా ఉన్నాడేమో, ఈసారి ఘనంగా చేద్దామన్నాడు. సమాధుల తోటలో అమ్మా నాన్నా పక్కపక్కనే ఉన్నారు. ఇద్దరికీ కలిపి తలాపున నల్లరాయి నిలబెట్టాలని తెనాలి శిల్పుల వీధిలో చెక్కడానికిచ్చాడు. పైన శిలువ, దాని కింద పెద్ద అక్షరాలతో "బర్మా యుద్ధ వీరుడు లాజరు". అమ్మ పేరు చోటు మిగిలితే కింద వేయమన్నాడట. చోటు మిగల్లేదట.

"రాయి మీద గుడ్డ తీసేది అయ్యగారు. సాక్ష్యం చెప్పేది నువ్వు, అక్కా" అన్నాడు ఫోనులో. అయ్యగారంటే పాస్టరు. "బైబిలు పట్టుకుని నాన్న బర్మా అంతా చెప్పాలి. చుట్టుపక్కల సంఘాల వాళ్ళందర్నీ పిలుస్తున్నాను."

రాజ్ కుమార్ కూతురు స్టెల్లా ఆ కూడికకు వీడియో చేస్తానంది. అత్త కథ చెబుతుంటే వెనకాల అడవి కనబడాలంది.

"బర్మా అడవి ఎక్కణ్ణుంచి తెస్తావే?" అంది అచ్చమ్మ.

"మనకి నిజాంపట్నం దగ్గర మడ అడవి ఉందిగా అత్తా. నీళ్ళూ చెట్లూ కనబడితే చాలు. అది బర్మా కాదని చూసేవాళ్ళకేం తెలుస్తది?"

అచ్చమ్మ అంత వయసొచ్చినా మడ అడవి చూడలేదు. అమ్మ పుట్టింది ఆ పక్కనే. కానీ అమ్మ తండ్రి, అంటే తాతయ్య, చర్చి ఉపదేశి. ఎక్కడికి పంపితే అక్కడ కాపురం పెట్టే ఉద్యోగం. అచ్చమ్మ పుట్టేసరికే బాపట్ల వెళ్ళిపోయారు. ఒకసారి చూపించు నాన్నా అంటే లాజరు "అక్కడేముందే, బురద" అనేవాడు.

నిజాంపట్నం వెళ్ళి అత్తా మేనకోడలూ డేనియల్ పడవలో కూర్చున్నారు. స్టెల్లా ఫోను ఎత్తి పట్టుకుంది. అచ్చమ్మ మంచి జరీచీర కట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"మా నాన్నగారు చూసిన బర్మాలో చెట్లు వేళ్ళను నేలలో దాచుకోవు..."

"ఇయ్యేనా మామ్మా?" అన్నాడు డేనియల్, గడకర్రతో పక్కకు చూపిస్తూ.

చూసింది. కాళ్ళమీద లేచి నిలబడ్డట్టు వేళ్ళమీద నిలబడ్డ చెట్లు, అటూ ఇటూ, కనుచూపు మేర.

"నువ్వు మధ్యలో మాట్లాడకు నాయనా, వీడియో పాడవుద్ది" అంది. మళ్ళీ మొదలెట్టింది. "అక్కడి నది రోజుకు రెండుసార్లు వెనక్కి..."

"మామ్మా, పాటు తిరిగింది, పోటొస్తంది. గట్టిగా కూచో" అన్నాడు డేనియల్. ముందు సన్నగా నురగ వచ్చింది. దాని వెనకాల నీళ్ళు సముద్రం వైపు నుంచి లోపలికి నడవడం మొదలెట్టాయి.

చెట్ల మొదళ్ళలోంచి టప్‌మని వినబడింది. ఇంకోసారి. ఇటు పక్క నుంచి కూడా.

"ఎవరయ్యా పేల్చేది?"

"రొయ్య మామ్మా. గోరు కొట్టుద్ది. ఇంతుంటది, చప్పుడు మాత్రం అంత చేసుద్ది. మా ఇంట్లో మా ఆవిడ లాగా."

ఎదురుగా తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. పక్కనుంచి పడవ పోతున్నా రెప్ప వేయలేదు. అచ్చమ్మకు తెలియకుండానే చెయ్యి పైకి లేచి సలాము చేయబోయి ఆగిపోయింది.

ఆ మలుపు తిరిగాక బురదగట్టు. దాని మీద వందల కొద్దీ చిన్న పీతలు. ఒక్కొక్కటీ ఒక్క ఎర్రటి గోరు పైకెత్తి, రమ్మన్నట్టు ఊపుతోంది. అచ్చమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకుంది. చేతులు ముందుకు చాపి గట్టిగా చప్పట్లు కొట్టింది. గట్టు మీద ఒక్కటి లేదు. అన్నీ గోతుల్లో దూరిపోయాయి.

"అత్తా, ఏమైంది?" అంది స్టెల్లా.

సద్దు మణిగాక పీతలు ఒకటొకటే మళ్ళీ బయటికొచ్చాయి. ఆవిడ వంగి చూసింది. కొన్నిటికి కుడి పక్క గోరు ఎర్రగా పెద్దదిగా ఉంది. కొన్నిటికి ఎడమ పక్క.

"పడవ ఆపు నాయనా. దిగాలి."

"ఇక్కడ దిగేదేంటి మామ్మా, మోకాల్దాకా దిగబడుద్ది."

"అది చూడ్డానికే."

దిగింది. మోకాలి దాకా పట్టుకుంది బురద. డేనియల్, స్టెల్లా చెరో చెయ్యీ పట్టుకుని లాగితే మనిషి వచ్చింది. ఎడమకాలి చెప్పు రాలేదు. డేనియల్ చెయ్యి పెట్టి వెతకబోతే అచ్చమ్మ వద్దంది.

"ఉండనీ నాయనా. దానికి తోడుగా ఇంకోటి ఉంది లోపల."

దారంతా ఆవిడ బురదకాలు కడుక్కోకుండా దాన్నే చూసుకుంటూ కూర్చుంది. స్టెల్లాకు భయమేసి వాళ్ళ నాన్నకు ఫోను చేసి, అత్త బురదలో దిగిందని చెప్పింది. రాజ్ కుమార్ భార్యకు చెప్పేసరికి అది పడిపోవడం అయింది. ఆవిడ తెనాలిలో వాళ్ళక్కకు చెప్పేసరికి తలకు దెబ్బ తగిలింది.

తెల్లారి అచ్చమ్మ స్టెల్లాను వెంటబెట్టుకుని బాపట్ల రైలెక్కింది. అక్కడ మార్తమ్మ ఉంది. దెబోరమ్మ చెల్లెలు, అచ్చమ్మకు పిన్ని. తొంభై దాటింది. పళ్ళు లేవు, చెవులు మాత్రం తనకు కావలసినంత పనిచేస్తాయి. స్టేషను బయట ముంజెలమ్ముతుంటే స్టెల్లా ఆకు పొట్లం ఒకటి కట్టించుకుంది. అచ్చమ్మ చూసి కసిరింది. "మనింట్లో తినకూడదని తెలీదా?" అయినా స్టెల్లా సంచిలో వేసుకుంది.

మార్తమ్మ మంచం పక్కన కూర్చుని అచ్చమ్మ సూటిగా అడిగింది. "పిన్నీ, నాన్న బర్మా వెళ్ళాడా?"

"ఏంటి?"

"నాన్న. బర్మా."

"ఎండలు బాగా ఉన్నాయే" అంది మార్తమ్మ.

అప్పుడు స్టెల్లా సంచిలోంచి పొట్లం తీసి విప్పింది. ముంజెలు చూడగానే ముసలావిడ నవ్వడం మొదలెట్టింది. మొదట భుజాలు ఊగాయి, తర్వాత మంచం ఊగింది. దగ్గు వచ్చింది. నీళ్ళు తాగించారు. తాగి మళ్ళీ నవ్వింది.

"లాజరు బావ కూతురు ముంజెలు తెచ్చిందా. బాగుందే. ఈ బాపట్ల స్టేషన్లోనే కదే, ఈ ముంజెల కోసమే కదే ఆయన దిగింది."

"ఎక్కణ్ణుంచి దిగింది?"

"యుద్ధానికి పోయే రైల్లోంచి."

అలా బయటపడింది. గుంటూరులో బూట్లిచ్చి, మద్రాసు పంపడానికి కుర్రాళ్ళను రైలెక్కించారు. తెనాలి దాటి బాపట్లలో బండి ఆగింది. ఎండ మండిపోతోంది. ప్లాట్‌ఫారం చివర ముంజెలమ్మి గంప దించింది. లాజరు దిగాడు. పక్కవాళ్ళకు కూడా తెస్తానని చెప్పి మరీ దిగాడు. ఆమె తాపీగా ఒక్కొక్క కాయే చెక్కి ఇస్తుంటే, లేతవి చూసివ్వమని బేరం పెట్టాడు. వెనక్కి తిరిగేసరికి బండి చివరి పెట్టె పోతోంది.

"పరిగెత్తలేదా?" అంది స్టెల్లా.

"పరిగెత్తాడంట. కొత్త బూట్లు కదా, కరిచినాయంట."

యుద్ధం నుంచి పారిపోయిన వాణ్ణి కాల్చేస్తారని ఎవరో అంటే విన్నాడు. ఇంటికెళ్తే పోలీసులొస్తారు. కాలవ గట్టు పట్టుకుని నడిచి నడిచి మడ అడవిలో దూరాడు. పుల్లలకెళ్ళిన దెబోరమ్మ అక్కడ చూసింది, ఒక బూటుతో చెట్టు వేరు మీద కూర్చుని, రెండోదాని కోసం ఏడుస్తున్న మనిషిని.

"తర్వాత రోజూ అన్నం పట్టుకెళ్ళేది. నేను చూశాను. చెప్పకుండా ఉండడానికి నాకు బెల్లంముక్క పెట్టింది. ఒక్క ముక్కే. దానికి ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాను. చాలా ఎక్కువ మూసుకున్నాను."

"మరి బర్మా?"

"అది మీ అమ్మదే. యుద్ధం అయిపోయిందని మా నాన్న చర్చిలో కృతజ్ఞత ప్రార్థన చేయించాడు. మీ అమ్మ అడవికెళ్ళి, ఇంక రా అంది. ఎట్టా రాను, ఊళ్ళో వాళ్ళకేం చెప్పను, మీ నాన్న నాకు నిన్నెట్టా ఇస్తాడు అని బావ ఏడుపు. ఆ ఏడుపు మాత్రం బాగా వచ్చు ఆయనకి. బర్మా వెళ్ళొచ్చానని చెప్పు అంది మీ అమ్మ. బర్మా ఎట్టుంటదో నాకేం తెలుసు అన్నాడు. ఎట్టుంటది, ఇట్టాగే ఉంటది, ఇంకెట్టుంటది, అంది."

దొరను పెట్టింది అమ్మ. ఎర్రచేతుల సైన్యాన్ని పెట్టింది అమ్మ. వంటింట్లో కూర్చుని ఆవిడ గుర్తుచేసుకోలేదు, తను అల్లినదాన్ని ఆయన పాడుచేయకుండా చూసుకుంది.

"మా ఊళ్ళో మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మా ఊరోళ్ళకి పీతలు తెలుసుగా" అని మార్తమ్మ ఒక ముంజె నోట్లో వేసుకుంది. పళ్ళు లేకపోయినా ముంజె తినొచ్చు.

అక్కణ్ణుంచి రేపల్లె. అచ్చమ్మ చెప్పిందంతా విని రాజ్ కుమార్ ముందు తలుపు వేశాడు, తర్వాత కిటికీలు.

"అక్కా, ఈ మాట నీ దగ్గరే ఉంచు."

"ఎట్టా ఉంచనురా? బైబిలు పట్టుకుని సాక్ష్యం చెప్పమన్నావు. ఇన్నాళ్ళూ తెలియక చెప్పాను, అది తప్పు కాదు. ఇప్పుడు తెలిసి చెబితే ఏమవుద్ది?"

"సాక్ష్యం మానెయ్. జ్వరమని చెబుతాను."

"అది ఇంకో అబద్ధం."

"వీరుడి కొడుకునని చెప్పుకుని ఇంత వయసొచ్చాను. ఆఫీసులో నా కుర్చీ వెనకాల నాన్న ఫోటో పెట్టుకున్నాను. ఇప్పుడు రైలు తప్పినోడి కొడుకునని చెప్పుకోమంటావా?"

"రైలు తప్పకపోతే నువ్వే లేవు కదరా. అమ్మ ఎక్కడ కనబడేది ఆయనకి?"

రాజ్ కుమార్‌కు ఆ మాటకు కోపమొచ్చింది. "రాయి చెక్కడం అయిపోయింది. నువ్వేమైనా చెప్పుకో, రాయి మాత్రం మారదు" అని లోపలికెళ్ళిపోయాడు.

నిజానికి అచ్చమ్మను కొరుకుతున్నది కూడా ఆ రాయే. ఆవిడ నోటి మాట గాలికి పోతుంది. రాయి ఉండిపోతుంది. నాన్నను నవ్వులపాలు చేయడం ఇష్టం లేదు. అమ్మను మళ్ళీ వంటింట్లో కూర్చోబెట్టడం అంతకంటే ఇష్టం లేదు.

తెనాలి వచ్చి శిల్పుల వీధికి వెళ్ళింది. సీతారామాంజనేయులు షెడ్డు ముందు తలలు ఇంకా పెట్టని నాయకులు నలుగురు చేతులు ముందుకు చాపి నిలబడి ఉన్నారు. పక్కన తలలు విడిగా ఎండలో ఆరుతున్నాయి. వాటి మధ్యలోంచి దారి చేసుకుని ఆవిడ రాయి దగ్గరకెళ్ళింది.

"బాబూ, ఇందులో కొన్ని మాటలు తీసెయ్యాలి."

సీతారామాంజనేయులు సుత్తి కింద పెట్టాడు. "చెక్కింది తీయడం కుదరదండి టీచరుగారు. కలపమంటే కలుపుతాను."

"రాయి మార్చి ఇంకోటి చేస్తే?"

"కూడికలోపు అవదండి. ఈ నలుగురికీ తలలు పెట్టాలి. ఎలక్షన్లు కదండి."

అచ్చమ్మ రాయి ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. మూడో తరగతి పిల్లల చేత వాక్యాలు రాయించిన మనిషి. ఉన్నదాన్ని కదపకుండా ఏం కలిపితే నిజమవుతుందో చూసింది. టీ తెప్పించాడు సీతారామాంజనేయులు. అది తాగాక, శిలువకీ అక్షరాలకీ మధ్య ఖాళీని వేలితో చూపించింది.

"ఇక్కడ రెండు మాటలు పడతాయా?"

"ఏం మాటలండి?"

చెప్పింది. అతను ఒకసారి పైకి చదువుకున్నాడు. ఆవిడ మొహం చూశాడు. "తమ్ముడుగారికి తెలుసాండి?"

"రాయి మారదన్నాడు. మార్చట్లేదుగా, కలుపుతున్నాం."

కూడిక రోజు సాయంత్రం రేపల్లె సమాధుల తోట నిండిపోయింది. లాజరు బూటును స్టెల్లా అద్దాలపెట్టెలో పెట్టి, పూలు చల్లింది. బాపట్ల నుంచి మార్తమ్మను కారులో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. పాట అయింది, ప్రార్థన అయింది. అయ్యగారు గుడ్డ లాగారు. ముందు వరసలో వాళ్ళు చదివారు. తర్వాత వెనక వరసలో వాళ్ళు ముందుకొచ్చి చదివారు. శిలువ కింద ఇలా ఉంది: "దెబోరమ్మ చెప్పిన బర్మా యుద్ధ వీరుడు లాజరు."

రాజ్ కుమార్ మొహం నల్లరాయి రంగుకొచ్చింది. పక్కకెళ్ళి గోడ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు.

అచ్చమ్మ బైబిలు పట్టుకుని లేచింది. "మా నాన్న యుద్ధానికి బయల్దేరాడండి. బాపట్ల దాకా వెళ్ళాడు" అంది.

సమాధుల తోటలో నవ్వొచ్చో లేదో ఎవరికీ తెలియదు. ముంజెలమ్మి దగ్గర బేరం పెట్టిన చోట అయ్యగారే ముందు చేతిరుమాలు నోటికడ్డం పెట్టుకున్నారు. కొత్త బూట్లు కరిచిన చోట అందరూ పగలబడి నవ్వేశారు. అచ్చమ్మ మాత్రం నవ్వలేదు. వేరు మీద కూర్చుని ఏడుస్తున్న మనిషినీ, పుల్లల మోపు దించి ఆయన ముందు నిలబడ్డ పిల్లనూ చెప్పింది. పట్టుబడితే ఆ పిల్ల ఏమయ్యేదో చెప్పింది. అక్కడ జనం నవ్వడం ఆపేశారు. తర్వాత అమ్మ కట్టిన బర్మా మొదట్నుంచీ చెప్పింది. ఈసారి దొరను కొంగని చెప్పింది, తుపాకిని రొయ్యని చెప్పింది, అయినా కథ చెడలేదు.

వెనకాల్నుంచి శ్యామ్ లేచాడు. ఆవిడ పాత శిష్యుడు, ఇప్పుడు దుగ్గిరాల యార్డులో పసుపు వ్యాపారి. "టీచర్, హైస్కూల్లో బర్మా నదులు వెనక్కి నడుస్తాయని రాస్తే నాకు సున్నా వేశారండి."

"నది సరైందే రాశావు నాయనా. ఊరు తప్పు" అంది అచ్చమ్మ.

శత్రుసైన్యం దగ్గరకొచ్చింది. చెయ్యి పైకెత్తి ఊపి చూపిస్తూ, "అందరూ ఇట్టా కుడిచెయ్యి ఎత్తుకుని వచ్చేవాళ్ళు" అంది. మరిచిపోయిందో, కావాలని అందో ఆవిడకే తెలియాలి.

గోడ దగ్గర అటు తిరిగి నిలబడ్డ రాజ్ కుమార్ ఇటు తిరక్కుండానే అన్నాడు.

"కొందరు ఎడమచెయ్యక్కా."

"ఆఁ, కొందరు ఎడమచెయ్యి" అని అచ్చమ్మ సర్దుకుంది. మంచినీళ్ళు తాగి మళ్ళీ సైన్యం దగ్గర్నుంచి ఎత్తుకుంది. రాజ్ కుమార్ మెల్లగా వచ్చి మార్తమ్మ పక్క కుర్చీలో కూర్చున్నాడు. మార్తమ్మ రొంటిన దాచుకున్న బెల్లంముక్క తీసి వాడి చేతిలో పెట్టింది.

జరిగింది ఇంతే. తలకు దెబ్బా లేదు, మతి పోవడమూ లేదు. కానీ ఊళ్ళో మాట ఊళ్ళో తిరుగుతుంటే, ఆవిణ్ణి పలకరిస్తే బాధపడుతుందేమోనని జనం ఆ వీధిలోకి వెళ్ళడం తగ్గించారు. పై వాటాలో అజయ్ బాబు, నీరజ కొత్త బర్మా వినీ వినీ డీలా పడ్డారు. ఆవిడ సాయంత్రం పూట వాకిట్లో కుర్చీ వేసుకుని, ఎదురుగా ఇంకో కుర్చీ ఖాళీగా వేసి కూర్చుంటోంది. తెనాలి వైపు వెళ్ళినప్పుడు ఒకసారి చూసి రండి. బర్మా టీచరు ఇల్లంటే కొలకలూరు రోడ్డులో ఎవరైనా చూపిస్తారు. మోకాలు ఎలా ఉందో అడగండి, బురదలోంచి లాగినప్పుడు కాస్త బెణికింది. వేసవి అయితే నాలుగు ముంజెలు పట్టుకెళ్ళండి, లేతవి చూసి. ఇన్నేళ్ళకు ఇప్పుడే వాటి రుచి తెలిసింది ఆవిడకు. రైల్లో వెళ్తే మాత్రం ముంజెలు తెనాలిలో దిగాకే కొనండి.